మాటలన్నీ తెలిసినా ఇంగ్లీషు పేరా అర్థం కావట్లేదా? వాక్యాల మధ్య లంకెలు పట్టించే పద్ధతి, మెట్టు మెట్టుగా

హైస్కూలు ఇంగ్లీషు టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ప్రతి మాటకూ అర్థం చెప్పాం, బోర్డు మీద రాయించాం, బట్టీ కూడా పట్టారు. అయినా పేరా కింద ప్రశ్నలకు జవాబు రాయలేకపోతున్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?"

చాలాసార్లు తేడా కొట్టేది వాక్యానికీ వాక్యానికీ మధ్యన. 'హీ' అంటే అతను అని పిల్లవాడికి తెలుసు. ఈ పేరాలో ఆ 'హీ' ఎవరో తెలియదు. ఆ సంగతి మన కంట పడదు. కారణం, పాఠం చదువుతూ వాక్యం వాక్యానికీ తెలుగులో భావం చెప్పేది మనమే. 'హీ' రాగానే "వాళ్ళ మామయ్య" అంటాం, 'దిస్' రాగానే "ఆయన ధర పెంచకపోవడం" అంటాం. లంకెలన్నీ మనమే వేసి చేతికిస్తాం. పరీక్ష హాల్లో ఆ పని చేసిపెట్టేవాళ్ళు ఉండరు.

వాక్యాలను ఒకదానితో ఒకటి కలిపే ఈ లంకెలనే భాషాశాస్త్రంలో కొహీషన్ అంటారు. ఆ సిద్ధాంతాన్ని బడిలో వాడటమంటే లంకెలు వేసే పనిని పిల్లలకు అప్పగించడమే. 7 నుంచి 10వ తరగతి దాకా పనికొచ్చేలా వరుస చెబుతున్నాను.

## 1. ముందు ఈ పేరా చూడండి

మార్గదర్శి అంతా ఈ ఒక్క పేరా మీదే నడుస్తుంది. ఇక్కడ తెలుగు లిపిలో ఉంది, బోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. వాక్యాల అంకెలు వదలకండి.

1. లక్ష్మీస్ అంకుల్ రన్స్ ఎ టీ స్టాల్ నియర్ ద బస్ స్టాండ్.
2. హీ ఓపెన్స్ ఇట్ ఎట్ ఫైవ్ ఎవ్రీ మార్నింగ్.
3. మోస్ట్ ఆఫ్ హిజ్ కస్టమర్స్ ఆర్ డ్రైవర్స్.
4. దే లైక్ బిగ్ గ్లాసెస్, బట్ ద టీచర్స్ ఫ్రమ్ ద నియర్‌బై స్కూల్ ఆస్క్ ఫర్ స్మాల్ వన్స్.
5. లాస్ట్ మంత్ ద ప్రైస్ ఆఫ్ మిల్క్ వెంట్ అప్.
6. ది అదర్ స్టాల్స్ రెయిజ్డ్ ద ప్రైస్ ఆఫ్ టీ, బట్ హీ డిడ్ నాట్.
7. దిస్ సర్‌ప్రైజ్డ్ లక్ష్మి.
8. "వోంట్ యూ లూజ్ మనీ?" షీ ఆస్క్‌డ్.
9. "నాట్ మచ్," హీ సెడ్. "ఇఫ్ ఐ రెయిజ్ ఇట్, ద డ్రైవర్స్ విల్ స్టాప్ కమింగ్. ఇఫ్ ఐ డోంట్, మోర్ విల్ కమ్."
10. హవెవర్, ద బిగ్ గ్లాసెస్ సూన్ బికేమ్ ఎ లిటిల్ స్మాలర్.

ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇందులో తెలియని మాట దాదాపు ఉండదు. 9వ వాక్యంలో 'ఇట్' ఏమిటని అడిగి చూడండి. "మనీ" అనేవాళ్ళు క్లాసులో తప్పకుండా ఉంటారు.

## 2. లంకెలు ఐదు రకాలు, పిల్లలకు ఐదు ప్రశ్నలు

భాషాశాస్త్రవేత్తలు మైకేల్ హాలిడే, రుకైయా హసన్ 1976లో ఇంగ్లీషులోని ఈ లంకెలను ఐదుగా విడదీశారు: రిఫరెన్స్, సబ్‌స్టిట్యూషన్, ఎలిప్సిస్, కంజంక్షన్, లెక్సికల్ కొహీషన్. ఈ పేర్లు మీ వరకే. పిల్లల నోట్సులోకి ఎక్కించారంటే "ఎలిప్సిస్ అంటే ఏమి?" అన్న రెండు మార్కుల ప్రశ్న తయారవుతుంది, చదవడం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

వాళ్ళకు ఇవ్వాల్సినవి ప్రశ్నలు, పై ఐదు రకాల వరుసలోనే:

- ఎవరు? ఏది? 'హీ', 'ఇట్', 'దే', 'దిస్', 'ది అదర్' లాంటివి కనబడితే.
- దేని బదులు వచ్చింది? 'వన్', 'వన్స్', 'డూ సో' దగ్గర. 4లో 'స్మాల్ వన్స్' అంటే చిన్న గ్లాసులు.
- ఏం మింగేశారు? 6లో 'హీ డిడ్ నాట్' తర్వాత "టీ ధర పెంచడం" మాయమైంది. 9లో 'ఇఫ్ ఐ డోంట్' దగ్గరా అంతే, 'మోర్' దగ్గర 'డ్రైవర్స్' మాయం.
- పైదానికీ దీనికీ ఏం సంబంధం? 'బట్', 'హవెవర్', 'సో', 'దో', 'మీన్‌వైల్' దగ్గర.
- ఏ మాట ఏ మాటకు చుట్టం? 'ప్రైస్', 'రెయిజ్', 'మనీ', 'లూజ్' ఒక కుటుంబం. 'స్టాల్', 'కస్టమర్స్', 'టీ', 'గ్లాసెస్' ఇంకొకటి.

ఈ ఐదూ ఒక చార్టు మీద రాసి గోడకు తగిలిస్తే సరి.

## 3. ముందు రోజు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ పద్ధతి పారకపోతే పేరా ఎంపికలోనే పొరపాటు జరిగి ఉంటుంది. కొత్త మాటలు ఎక్కువున్న పేరా తీసుకుంటే పిల్లల దృష్టి మాటల మీదే ఉండిపోతుంది. వాళ్ళకు సులువనిపించే పేరా తీసుకోండి. ఒక తరగతి కిందిదైనా తప్పులేదు.

పేరాలో పోటీ ఉండాలి. ఒకే మనిషి, ఒకే వస్తువు ఉన్న పేరాలో 'హీ' ఎవరో గుడ్డిగా చెప్పేయొచ్చు. ఇద్దరు మగవాళ్ళో, 'ఇట్' కాగల రెండు వస్తువులో ఉంటేనే ఆలోచించే పని పడుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇందుకు మంచి ముడిసరుకు. సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే విషయం తెలుగు. ఇంగ్లీషు పేజీలో 'ఇట్', 'దీజ్' కింద గీత గీయించి, ఎదురు పేజీలో ఆ చోట ఏముందో చూడమనండి. కొన్నిచోట్ల "ఇది" ఉంటుంది, కొన్నిచోట్ల అసలు పేరే మళ్ళీ ఉంటుంది, కొన్నిచోట్ల ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని చోట్లే వాళ్ళు ఇంగ్లీషులో జారే చోట్లు.

ముందు రోజు రాత్రికి ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఎనిమిది నుంచి పన్నెండు వాక్యాల పేరా, వాక్యాలకు అంకెలు
- తెలియని మాటలు మూడు నాలుగుకు మించకుండా, వాటి అర్థాలు పక్కనే
- మీరే బాణాలు గీసుకున్న కాపీ ఒకటి
- రెండు జవాబులు రాగల లంకెలకు విడిగా గుర్తు
- జిరాక్సు కుదరకపోతే పిల్లలు ముందు రోజే నోట్సులో లైను విడిచి లైనులో ఎక్కించుకోవడం
- పెన్సిళ్ళు. పెన్నుతో గీసిన తప్పు బాణాన్ని పిల్లలు దిద్దుకోరు, సమర్థించుకుంటారు.

మీ కాపీలో బాణాలు గీసుకోవడం వదిలేయకండి. గీస్తేనే తెలుస్తుంది, 6లోని 'హీ' 1లోని మామయ్య దగ్గరికి చేరడానికి 2 నుంచి 5 దాకా వాక్యాలన్నీ దాటాలని. మనం ఆ దూరాన్ని గమనించకుండానే దూకేస్తాం.

## 4. తరగతిలో వరుస

అన్ని మెట్లూ ఒకే పీరియడులో ఎక్కించకండి. మొదటి వారం 4.1 నుంచి 4.3 దాకా, వేర్వేరు పేరాల మీద. తర్వాత వారానికొకటి చాలు.

4.1 మౌనంగా ఒకసారి. మీరు చదవకండి, భావం చెప్పకండి. అందరూ చదివాక ఒక్క ప్రశ్న: "ఇది ఎవరి గురించి?" లక్ష్మి అనేవాళ్ళూ ఉంటారు, మామయ్య అనేవాళ్ళూ ఉంటారు. తేల్చకుండా వదిలేయండి.

4.2 సున్నాలు, బాణాలు. 'హీ', 'షీ', 'ఇట్', 'దే', 'హిజ్', 'యూ', 'ఐ' చుట్టూ సున్నా చుట్టించండి. ప్రతి సున్నా నుంచీ అది ఎవరిని, దేన్ని సూచిస్తుందో అక్కడికి బాణం. బాణం సర్వనామం దగ్గర ఆగకూడదు, పేరు దగ్గరే ఆగాలి. 9లోని 'హీ' నుంచి 6లోని 'హీ'కి గీసి ఊరుకుంటే పని సగమే అయినట్టు.

సంభాషణలో 'ఐ', 'యూ' వస్తే ముందు మాట్లాడేది ఎవరో తేల్చాలి. 8లో 'యూ', 9లో 'ఐ' ఒకరే. మనకిది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఇక్కడే ఆగిపోయే పిల్లలు చాలామంది.

4.3 పేరు పెట్టి చదవడం. మొత్తం పద్ధతిలో ఒక్కటే చేసే తీరిక ఉంటే ఇది చేయండి. ఒకరు లేచి, సున్నా చుట్టిన ప్రతిచోటా పేరు పెట్టి గట్టిగా చదవాలి: "అంకుల్ ఓపెన్స్ ద టీ స్టాల్ ఎట్ ఫైవ్."

9 దగ్గరికి వచ్చేసరికి 'ఇట్'ను మనీ అనుకున్నవాడు "ఇఫ్ ఐ రెయిజ్ మనీ, ద డ్రైవర్స్ విల్ స్టాప్ కమింగ్" అని చదువుతాడు. డబ్బు పోగుచేస్తే డ్రైవర్లు రాకపోవడమేమిటి? మీరు తప్పనాల్సిన పని లేదు, పక్కవాళ్ళే అంటారు. వాడే వెనక్కి వెళ్ళి 6లో 'ద ప్రైస్ ఆఫ్ టీ' పట్టుకుంటాడు. దగ్గర్లో ఉన్న నామవాచకమే జవాబు కానక్కర్లేదని చెవితో తెలుసుకోవడం వేరు, మీరు సూత్రంగా చెప్పడం వేరు.

4.4 'దిస్' సంగతి. 'దిస్', 'దట్', కామా తర్వాత వచ్చే 'విచ్' ఒక్కోసారి వస్తువును కాక మొత్తం సంఘటనను పట్టుకుంటాయి. 7లో లక్ష్మిని ఆశ్చర్యపరిచింది ఏమిటి? "టీ" అని రాసేవాళ్ళుంటారు. "పాల ధర పెరగడం" అనేవాళ్ళూ ఉంటారు.

ఇక్కడ తెలుగు సాయం తీసుకోండి. జవాబును "-డం"తో ముగించమనండి. "మిగతా స్టాళ్ళవాళ్ళు పెంచినా మామయ్య పెంచకపోవడం." అలా ముగించగలిగితే 'దిస్' చేతికి చిక్కినట్టే. ముగించలేకపోతే ఏదో ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారని అర్థం.

4.5 మింగేసినవి కక్కించడం. 'డిడ్ నాట్', 'డోంట్', 'నాట్ మచ్', 'వన్స్' కింద గీత. పక్క ఖాళీలో పూర్తి వాక్యం. 'నాట్ మచ్' అంటే "ఐ వోంట్ లూజ్ మచ్ మనీ". పిల్లలు పూర్తి వాక్యం రాసేటప్పుడు వ్యాకరణం తప్పితే ఇప్పుడు దిద్దకండి. అది వేరే పీరియడు పని.

4.6 కలిపే మాటను కప్పేయడం. 10లో 'హవెవర్' మీద కాగితం ముక్క పెట్టి 'సో', 'హవెవర్', 'ఫర్ ఎగ్జాంపుల్' మూడిట్లో ఏది సరిపోతుందో అడగండి. మూడోది వెంటనే పోతుంది. 'సో' పెట్టినా వాక్యం నిలబడుతుంది, కాకపోతే డ్రైవర్లు ఎక్కువమంది వస్తారు కాబట్టి గ్లాసు చిన్నదైందన్న అర్థం వస్తుంది. 'హవెవర్' పెడితే ధర పెరగలేదు సరే, గ్లాసు సంగతేమిటన్న మెలిక వస్తుంది. ఈ తేడా మీద ఐదు నిమిషాలు వాదించుకోనివ్వండి. 'హవెవర్' అంటే "అయినప్పటికీ" అని పదిసార్లు రాయించేకంటే ఇది మేలు.

4.7 మాటల కుటుంబాలు. డబ్బు మాటలకు ఒక రంగు, గ్లాసు మాటలకు ఇంకో రంగు. పేరా చివర రెండు రంగులూ ఎందుకు కలిశాయని అడగండి. పేరాకు శీర్షిక పెట్టే ప్రశ్నలకు ఇదే దారి.

4.8 ప్రశ్నలు. ఇప్పుడు, ఇవన్నీ అయ్యాక.

## 5. తెలుగు పిల్లలు ప్రత్యేకంగా జారే చోట్లు

ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన రీడింగ్ పుస్తకాల్లో ఇవి దొరకవు. మన భాష అలవాట్లలోంచి పుట్టే చిక్కులు ఇవి. పేరా ఎంచుకునేటప్పుడు వీటిలో కనీసం రెండైనా తగిలేలా చూసుకోండి.

క్రియలోనే కర్త. "వెళ్ళాడు" అంటే మగవాడొక్కడు అని క్రియే చెప్పేస్తుంది, "అతను" అనక్కర్లేదు. ఆ అలవాటుతో పిల్లలు ఇంగ్లీషులో 'హీ', 'దే'ల మీదుగా కళ్ళు జార్చేస్తారు. 'వెంట్' చూసి ఎవరో తెలియదు, అక్కడ ఆధారం ఆ చిన్న మాటే. పేర్ల కంటే ముందు వాటికి సున్నా చుట్టించడం అందుకే.

ఆయనా వాడూ ఒకటే. తెలుగులో తండ్రీకొడుకుల కథ చెబితే తండ్రి "ఆయన", కొడుకు "వాడు". మర్యాదే ఎవరెవరో చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఇద్దరూ 'హీ'. 'ద ఫాదర్ కాల్డ్ హిజ్ సన్. హీ వజ్ యాంగ్రీ బికాజ్ హీ వజ్ లేట్.' కోపం ఎవరికి, ఆలస్యం ఎవరిది? సందర్భం నుంచి తేల్చాలి. ముందు "ఆయన", "వాడు" అని పైన పెన్సిలుతో రాయించండి, అయోమయం చాలావరకు విడిపోతుంది.

తన, అతని. "రవి తన సైకిలు ఇచ్చాడు", "రవి అతని సైకిలు ఇచ్చాడు" మనకు వేరు. ఇంగ్లీషులో రెండూ 'హిజ్'. పై చిట్కాయే ఇక్కడా.

ఔను, కాదులకు జవాబు. "వస్తావా?" అంటే "వస్తాను" అంటాం, క్రియనే తిరిగి చెబుతాం. ఇంగ్లీషులో 'ఐ విల్' అని ఆపేస్తారు. అందుకే 'షీ హ్యాజ్', 'దే డిడ్' లాంటివి పిల్లలకు తెగిపోయిన వాక్యాల్లా కనిపిస్తాయి. 4.5 మెట్టు ఎక్కువ సార్లు చేయించాల్సింది దీనికోసమే.

'వన్' అంటే ఒకటి కాదు. 'స్మాల్ వన్స్' మన "చిన్నవి", 'ద రెడ్ వన్' మన "ఎర్రది". ఒకసారి ఇలా పోల్చి చూపితే సరిపోతుంది.

'హూ', 'విచ్' ప్రశ్నలే అనుకోవడం. "నిన్న వచ్చిన మనిషి" అని మనం విశేషణం ముందే పెట్టేస్తాం. 'ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే' చదివి "ఎవరు వచ్చారు?" అనుకునేవాళ్ళు పదో తరగతిలోనూ ఉంటారు. 'హూ' నుంచి వెంటనే ముందున్న పేరుకు బాణం గీయించండి.

'దో', 'అన్‌లెస్' మొదట్లో రావడం. మనకు "అలసిపోయినా", "రాకపోతే" అని ఆ అర్థం క్రియ తోకలో ఉంటుంది. ఇంగ్లీషులో వాక్యం మొదట్లోనే వచ్చి, కామా తర్వాత గానీ ఫలితం తెలియదు. కామా దగ్గర నిలువు గీత గీసి, రెండు ముక్కలనూ విడివిడిగా చెప్పించండి.

ఎవరినీ చూపని 'ఇట్'. 'ఇట్ ఈజ్ రెయినింగ్', 'ఇట్ ఈజ్ ఈజీ టు సే' లాంటి చోట్ల వెనక్కి గీయడానికి బాణమే లేదు. సున్నా చుట్టి మీద అడ్డగీత కొట్టించండి. లేదంటే బుద్ధిమంతుడైన పిల్లవాడు పేరా అంతా వెతుకుతూ కూర్చుంటాడు.

## 6. టీచర్ల వైపు నుంచి జరిగే పొరపాట్లు

బాణాలే పాఠమైపోవడం. నోట్సు నిండా రంగుల బాణాలు, ఇన్‌స్పెక్షన్‌కు చూపించడానికి బాగుంటాయి. బాణం గీశాక వాక్యాన్ని పేరు పెట్టి చదివించకపోతే అది డ్రాయింగు క్లాసే.

తేలిక లంకెల మీద కాలం గడపడం. 2లో 'హీ' ఎవరో అందరికీ తెలుసు. దాన్ని దాటేసి 6, 7, 9 మీద ఉండండి. ప్రతి పేరాలో అసలు లంకెలు మూడు నాలుగే.

సరైన జవాబు వచ్చిందని ఊరుకోవడం. "ప్రైస్ ఆఫ్ టీ" అన్నవాడిని కూడా "ఎలా తెలిసింది?" అని అడగాలి. "'రెయిజ్' 6లోనూ ఉంది సార్" అంటే పట్టు దొరికినట్టు. ఊహించి చెప్పి ఉంటే అక్కడే బయటపడుతుంది.

రెండు అర్థాల మాటలు. 'సిన్స్' అప్పటినుంచి కావచ్చు, కాబట్టి కావచ్చు. 'యాజ్', 'వైల్', 'యెట్' కూడా అంతే. ఒక మాటకు ఒకే తెలుగు అర్థం రాసిన పట్టిక చేతికిస్తే నష్టమే ఎక్కువ.

తెలుగు పూర్తిగా మానేయడం. ఇంగ్లీషు మీడియం కదా అని కొందరు పంతం పడతారు. లంకె గురించి వాదన తెలుగులోనే సాగనివ్వండి. చదివేది ఇంగ్లీషు అయితే చాలు.

## 7. లంకెలన్నీ దొరికాయి, అయినా అర్థం కాలేదు

ఇదీ జరుగుతుంది. పై పేరాలో 5 నుంచి 6కు ఎలా వెళ్ళాం? పాల ధర పెరిగితే టీ ధర ఎందుకు పెరగాలి? పేరాలో ఎక్కడా లేదు. టీలో పాలు పోస్తారని మనకు తెలుసు కాబట్టి వెళ్ళాం. గ్లాసులు ఎందుకు చిన్నవయ్యాయో కూడా రాయలేదు. లంకెలు మాత్రమే చాలవు, చదివేవాడి లోకజ్ఞానం కలవాలని 1982లోనే భాషా పరిశోధకురాలు ప్యాట్రిషియా క్యారెల్ గట్టిగా వాదించారు. టీచర్లు దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి మంచుదేశం గురించో, షేర్ మార్కెట్ గురించో పేరా వస్తే ముందు రెండు నిమిషాలు ఆ విషయం మాట్లాడండి. బాణాలు తర్వాత. లేదా బాణాలన్నీ సరిగ్గా గీసినవాడు ప్రశ్నకు తప్పు రాస్తే, "ఇది నీకు ముందే తెలుసా?" అని అడగండి. జబ్బు ఎక్కడుందో తేలిపోతుంది.

## 8. కొలవడం, పరీక్ష జవాబులు

మొదలుపెట్టే ముందు, చదవని పేరా ఒకటిచ్చి పది చోట్ల గీత గీసి "ఇది ఎవరు? ఏది?" అని మాత్రమే అడగండి. నాలుగు వారాల తర్వాత అదే స్థాయి ఇంకో పేరాతో మళ్ళీ అడగండి. మామూలు మార్కులతో కలపకుండా ఈ పదికి ఎన్నో విడిగా రాసుకోండి. సర్వనామాలు కుదిరి, 'దిస్', 'డిడ్' దగ్గరే తప్పుతుంటే 4.4, 4.5 మాత్రం మళ్ళీ చేయించండి. మొదటినుంచీ అక్కర్లేదు.

ఇక జవాబులు. పిల్లలు ప్రశ్నలోని మాటను పేరాలో వెతికి, అది దొరికిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తారు. 'వై డిడ్ ది అంకుల్ నాట్ రెయిజ్ ద ప్రైస్?' అంటే జవాబుగా 'ఇఫ్ ఐ రెయిజ్ ఇట్, ద డ్రైవర్స్ విల్ స్టాప్ కమింగ్' అని దించేస్తారు. దిద్దేవాళ్ళు 'ఐ' ఎవరు అనుకోవాలి?

ఇలా దిద్దుకోమనండి:

- పేరా చదవనివాళ్ళకు ఈ జవాబు ఒక్కటే చూపిస్తే అర్థమవుతుందా?
- మొదటి 'హీ', 'ఇట్', 'ఐ' స్థానంలో పేరు రాశానా?
- సంభాషణ అయితే 'ఐ'ని 'హీ' చేశానా, క్రియ మార్చానా?
- 'డిడ్ నాట్' అని ఆపేశానా, ఏం చేయలేదో రాశానా?

అప్పుడు వచ్చే జవాబు: 'బికాజ్ ద డ్రైవర్స్ వుడ్ స్టాప్ కమింగ్ ఇఫ్ ది అంకుల్ రెయిజ్డ్ ద ప్రైస్ ఆఫ్ టీ.' మొదట్లో 'వుడ్' కుదరకపోయినా పట్టించుకోకండి, పేర్లు కుదిరితే చాలు. స్లిప్ టెస్టుల్లో, ముందే చెప్పి, పేరు లేని సర్వనామంతో మొదలైన జవాబుకు అర మార్కు తగ్గించండి.